గొడుగు నోట నిచ్చెన మాట

ఫిలింనగర్‌లోని మా డబ్బింగ్ స్టూడియోలో ఆ ఉదయం ఉన్నవి ఇవి: మైకులు రెండు, పనిచేసే ఏసీ ఒకటి, పనిచేస్తున్నట్టు చప్పుడు మాత్రమే చేసే ఏసీ ఇంకొకటి, సగం తాగి వదిలేసిన చాయ్ కప్పులు మూడు. ఉన్నవాళ్లు: యజమాని ప్రసాదరావు గారు, ఎవరికి కావాలంటే వాళ్లకు గొంతు అరువిచ్చే వసంతక్క, సౌండ్ ఇంజనీరునైన నేను. ఇంత తక్కువ సరంజామాతో ఒక నియోజకవర్గపు ఎన్నికల ప్రచారాన్ని తలకిందులు చేయవచ్చని ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు. నేను చేసి చూపించాను.

ఆ పార్టీల పేర్లు చెప్పను. ఉద్యోగం ఇంకా అవసరముంది. ఒకదాన్ని గొడుగు అనుకోండి, ఇంకోదాన్ని నిచ్చెన అనుకోండి. ఒకటి నెత్తి మీద నీడనిస్తానంటుంది, రెండోది పైకెక్కిస్తానంటుంది. ఎన్నికలైపోగానే రెండూ అటకెక్కుతాయి.

ప్రచార బండ్ల మీద మైకుల్లో మోగుతాయే, ఆ మాటల రికార్డింగు ఇద్దరూ మాకే ఇచ్చారు. అందులో రెండు ముక్కలుంటాయి. మొదటి ముక్కలో నాయకుడి పేరు, గుర్తు, ఆయన మన ఇంటి బిడ్డ అన్న సమాచారం. రెండో ముక్కలో హామీలు. తొమ్మిదింటికి వసంతక్క నిచ్చెన తరఫున కంటతడి పెట్టింది. ఇడ్లీ తింది. పదిన్నరకు గొడుగు తరఫున కంటతడి పెట్టింది. రెండు తడుల్లోనూ తేడా లేదు, నేను మీటరు చూశాను.

ఇక్కడ నా ఓటు చరిత్ర కొంచెం చెప్పాలి. మొదటిసారి, మార్పు తెస్తానన్నవాడికి వేశాను. గెలిచిన రెండో నెలలో తెచ్చాడు, పార్టీ మారాడు. రెండోసారి కోపంతో అతని ప్రత్యర్థికి వేశాను. ఆయన గెలిచి మొదటివాడి పక్కకే వెళ్లి కూర్చున్నాడు. అంటే నేను రెండు వేర్వేరు ఎన్నికల్లో, రెండు వేర్వేరు కోపాలతో, ఒకే సోఫాకు ఓటు వేశాను. అందుకే మూడోసారి మనసుతో కాదు, పద్ధతితో వేయాలనుకున్నాను. రెండు పార్టీల హామీలనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చెరో పదిసార్లు విన్న ఓటరు ఈ నియోజకవర్గంలో నేనొక్కడినే కదా! ఎక్సెల్‌లో పట్టిక గీశాను. ప్రతి హామీకి మూడు రకాల మార్కులు: అవసరమా, సాధ్యమా, గతంలో ఇదే చెప్పి ఎగ్గొట్టారా. గొడుగుకు అరవై ఒకటి, నిచ్చెనకు యాభై ఎనిమిది. గొడుగును గెలిపించింది ఒక్క హామీ: కృష్ణానగర్ మురుగునీటి నాలా బాగు చేయడం.

ఆ నాలా పక్క సందులోనే వసంతక్క గది. వాన పడితే ఆవిడ మంచం కాళ్ల కింద ఇటుకలు పెడుతుంది.

"మురళీ, నీ లెక్కల ఎవరొచ్చిండ్రు?" అని ఆవిడే అడిగింది.

"గొడుగు అక్కా. నాలా చేస్తామన్నది వాళ్లే."

"అవునా?"

"నువ్వే కదా అక్కా చదివింది!"

"చదివిన. పొద్దుగాల రెండు పార్టీలు చదివిన. యాదుంటదా? నా నోట్లకెల్లి పోయింది గాని నా చెవులకు రాలే."

అంతటితో ఆగి ఉంటే మీరు ఇది చదివేవారు కాదు. పద్ధతి అంటే నాకు పిచ్చి కాబట్టి, రెండు హామీల ఫైళ్లనూ మార్కుల వరుసలో పెట్టి పేర్లు మార్చాను. గెలిచిన గొడుగుకు "ఒకటి". ఓడిన నిచ్చెనకు "రెండు". మర్నాడు పేర్లముక్కకూ హామీలముక్కకూ ముడివేసే పనిలో కూర్చున్నాను. ముందు ఆర్డరు ఇచ్చింది నిచ్చెన కాబట్టి దాన్ని "ఒకటి"తో అతికించాను. గొడుగును "రెండు"తో. ఎంత శుభ్రంగా అతికించానంటే, మధ్యలో ఊపిరి చప్పుడు కూడా వినపడదు.

బండ్లు తిరగడం మొదలైన మూడో రోజు వసంతక్క చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది.

"ఏం లెక్కలు చేసినవ్ రా నాయనా! గొడుగోళ్లు నాలా చేస్తరంటివి. మా సందుల నిచ్చెన బండి వచ్చి నాలా నాలా అని ఒర్లుతుంది. అది గూడ నా గొంతుతోనే!"

చాయ్ కప్పు పక్కన పెట్టాను. ఫైళ్లు తెరిచి చూశాను. నిచ్చెన బండి గొడుగు హామీలు ఇస్తోంది. గొడుగు బండి నిచ్చెన హామీలు ఇస్తోంది. మూడు రోజులుగా, ఉదయం ఎనిమిది నుంచి, సందుసందునా.

ప్రసాదరావు గారికి చెప్పాను. ఆయన కుర్చీలో కొంచెం కొంచెంగా కిందికి జారారు.

"మురళీ, పద్దెనిమిదేళ్ల స్టూడియో అయ్యా ఇది. హీరోల గొంతులు మారిపోయినా ఎవరూ ఏమీ అనలేదు. పార్టీలవాళ్లు ఊరుకుంటారా? వాళ్లొచ్చి అద్దాలు పగలగొడితే నువ్వే ఎదురెళ్లాలి. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి మాట్లాడుకుందాం. అద్దాలు మిగిలితే."

మధ్యాహ్నానికి బయట జీపు ఆగింది. గొడుగు పార్టీ ప్రచారం చూసే యాదగిరన్న, వెనక తెల్లచొక్కాలు నాలుగు. ప్రసాదరావు గారు హఠాత్తుగా బాత్రూంలో పని గుర్తొచ్చి వెళ్లిపోయారు. నేను నా సర్టిఫికెట్లు ఏ డ్రాయర్లో ఉన్నాయో మనసులో చూసుకున్నాను.

"ఏంది తమ్మీ గిట్ల చేసినవ్?" అన్నాడు యాదగిరన్న.

"అన్నా, తప్పయిపోయింది."

"తప్పే మరి! ఎదురుంగ నిచ్చెనోళ్ల బండొస్తే మా బండి ఇనబడ్తలే. జర సౌండ్ పెంచు."

ఇంకేమంటాడోనని ఎదురుచూశాను. అంతే. ఇంకేమీ లేదు. తెలివైనవాడైతే ఇక్కడ సౌండు పెంచి, నమస్కారం పెట్టి పంపేసేవాడు. నాకు కాలేజీలో తప్పుల పట్టిక రాయడం నేర్పారు.

"అన్నా, సౌండు కాదు. అందులో హామీలు మీవి కావు. నిచ్చెనవాళ్లవి."

యాదగిరన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. బస్తీకో వ్యాయామశాల, ఏసీ ఫంక్షన్ హాలు, కుట్టు శిక్షణ కేంద్రం, సందుకో కెమెరా. కళ్లు మూసుకుని, తల ఆడిస్తూ, చివరిదాకా విన్నాడు.

"మావే కదా?"

"కావన్నా!"

"మరి మావేంది?"

ఇది నన్ను అడిగాడు. నేను పట్టిక చూసి గొడుగు పార్టీ హామీలు గొడుగు పార్టీకి అప్పజెప్పాను. నాలా, మంచినీళ్లు, వీధిదీపాలు. ఆయన ఫోన్ తీసి నాయకుడికి చేశాడు. రెండు నిమిషాలు "అవునన్నా, సరే అన్నా" అన్నాక పెట్టేశాడు.

"తమ్మీ, ఏం మార్చకు. అన్న మూడు దినాలసంది బండి ఇనుకుంటనే తిరుగుతుండు. అవ్వే నోటికొచ్చినయంట. ఇప్పుడు మారిస్తే గడ్‌బడ్ అయితది. సౌండ్ ఒక్కటి పెంచు."

తెల్లచొక్కాలు వెళ్లిపోయాయి. బాత్రూం తలుపు తెరుచుకుంది. "అద్దాలు ఉన్నాయా?" అన్నారు ప్రసాదరావు గారు.

సగం తప్పు ఒప్పుకుని ఊరుకుంటే నిద్రపట్టదు కదా, నిచ్చెన తరఫున మాతో మాట్లాడే శేఖర్ గారికి నేనే ఫోన్ చేశాను. విషయమంతా చెప్పాను.

"అదా సంగతి!" అన్నారాయన తేలిగ్గా. "మా నాయకుడు గారు పొద్దున్నుంచీ అడుగుతున్నారండీ, ఈ నాలా ఎక్కడుందని. మీకేమైనా తెలుసా? లొకేషన్ పంపుతారా?"

పంపాను. ఎందుకు పంపానో ఇప్పటికీ తెలియదు. సాంకేతిక విద్య చదివినవాణ్ణి లొకేషన్ అడిగితే చెయ్యి ఆగదు.

మర్నాడు సాయంత్రం కృష్ణానగర్ మలుపులో గొడుగు నాయకుడి సభ. నేనూ వసంతక్కా వెళ్లాం. ఆయన వ్యాయామశాలతో మొదలుపెట్టి సందుకో కెమెరాదాకా ఒక్క పొల్లు పోకుండా చెప్పాడు. వసంతక్క పాజుల దగ్గర కూడా ఆయన పాజు ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కట్ చేసిన చోటే కొట్టారు.

చప్పట్లు ఆగగానే వసంతక్క చెయ్యెత్తింది.

"అన్నా, నాలా సంగతేంది?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. "నాలానా అక్కా? అది నిచ్చెనోళ్లు చేస్తమంటున్నరు కదా. చెయ్యనియ్యి పాపం."

సొంత హామీని ఎదుటివాడికి దానం చేసిన నాయకుణ్ణి నేను మొదటిసారి చూశాను. జనం ఆయన పెద్దమనసుకు మళ్లీ చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చే దారిలో వసంతక్క అడిగింది.

"అంటే మురళీ, రాసినోడు చెయ్యడు, చెప్పినోనికి అదేడుందో తెల్వదు. ఇప్పుడు నేనెవరికెయ్యాలె?"

నా దగ్గర పట్టిక ఉంది. మూడు రకాల మార్కులున్నాయి. ఆవిడ అడిగింది వేయడానికి గడి మాత్రం లేదు. "అక్కా, నాకు తెలియదు" అన్నాను. ఉద్యోగంలో చేరాక నేను చెప్పిన మొదటి కచ్చితమైన మాట అదే.

పోలింగు రోజు ఇద్దరం వరుసలో గంటన్నర నిలబడ్డాం. ఆవిడ ఎవరికి వేసిందో నేను అడగలేదు. నేనెవరికి వేశానో ఆవిడ అడిగింది, నేను చెప్పలేదు. లోపల ఆ యంత్రం ముందు వేలు చాపి నిలబడ్డప్పుడు, పేరు ఒకరిదీ మాట ఇంకొకరిదీ కలిపి అతికించిన చెయ్యి ఇదే కదా అనిపించి, వేలు వెనక్కి తీసుకుని రెండు గుర్తులూ మళ్లీ చూశాను. వెనకనుంచి అధికారి "తొందరగా బాబూ" అన్నాడు. నొక్కేశాను.

కాబట్టి పాఠకులారా, రికార్డింగు గదిలో, పెద్ద మైకు మీద కుడిచెయ్యి వేసి, ఎడమచేత్తో హెడ్‌ఫోన్స్ గుండెకు హత్తుకుని ప్రమాణం చేశాను: ఇకపై ఏ పార్టీ హామీలనైనా, ఆ పార్టీ పేరుతో సరిచూడకుండా గది దాటించను. ఈ ప్రమాణం నా మనశ్శాంతి కోసమే. ఆ ప్రకటనలు మొత్తం పదకొండు రోజులు మోగాయి. స్టూడియోకు బయటినుంచి వచ్చిన ఫిర్యాదులు నేను తేదీలవారీగా రాసి పెట్టాను. సౌండు చాలలేదని నాలుగు. నాయకుడి పేరు వెనక "గారు" సరిగ్గా పలకలేదని రెండు. రికార్డింగు సగంలో ఆగిందని ఒకటి. హామీల గురించి, సున్నా.