గున్వోర్ వదిలేసిన జాడ

మా హుల్టెబో ఊళ్ళో జింకల గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా గున్వోర్‌కే ఫోను చేసేవాళ్ళం. ట్యులిప్ మొగ్గలన్నీ కొరికేస్తున్నాయి, ఏం నాటమంటావని నేనే ఎన్నోసార్లు అడిగాను. డాఫోడిల్ దుంపలు పాతమనేది, వాటి జోలికి రావట. గడ్డిలో జింకపిల్ల ఒంటరిగా పడుకుని ఉందని ఎవరైనా కంగారుపడితే, ముట్టుకోకుండా వెనక్కి రమ్మనేది, తల్లి చుట్టుపక్కలే ఉంటుందనేది. మాంసం చల్లటి కొట్లో ఎన్నాళ్ళు వేలాడదీయాలో, కారు తగిలిన జింకలో ఏ భాగం కోసి పారేయాలో విసుక్కోకుండా చెప్పేది. ముప్పై ఏళ్ళు బడిలో వంట చేసిన మనిషి మరి.

జింకల విషయంలో మాత్రం ఆమె అసలు పని వేరు. కారు గుద్దిన జింక దెబ్బతో అడవిలోకి పారిపోతే, పోలీసులు ఆమెను పిలిచేవారు. ట్రూల్స్ అనే పొట్టికాళ్ళ కుక్కతో వెళ్ళి, జాడ తీసి, జంతువును ఒక్క గుండుతో బాధ నుంచి విడిపించేది.

ఒక నవంబరు సాయంత్రం, నాలుగు గంటలకే చీకటి పడి మంచు కలిసిన వాన కురుస్తుండగా, రంపపు మిల్లు దాటాక వచ్చే మలుపు నుంచి పిలుపు వచ్చింది. కారు నడిపింది మాల్విన్, వృద్ధాశ్రమంలో నర్సు. గోధుమరంగుదేదో అడ్డం వచ్చిందని, పడి, లేచి, చెట్లలోకి వెళ్ళిపోయిందని చెప్పింది. గున్వోర్ ఆమెను ఇంటికి పంపేసి, టార్చి వేసి రోడ్డంతా చూసింది. రెండు రక్తపు చుక్కలున్నాయి. వెంట్రుకలు లేవు. జింకను గుద్దితే గుప్పెడు వెంట్రుకలైనా రాలతాయి. వానకు కొట్టుకుపోయి ఉంటాయనుకుంది.

ట్రూల్స్ వంద గజాలు లాక్కెళ్ళి, పాత రాతిగోడ దగ్గర ఆగి తోక ఊపింది. జింక జాడ మీద ఆ కుక్క తోక కర్రలా బిగుసుకుంటుంది. ఊపేది మనుషులను చూసినప్పుడే. గున్వోర్ అది గమనించింది. మోకాళ్ళు నొప్పి, బట్టలు తడిసి ముద్దయ్యాయి. దెబ్బ తేలికదే, జింక బతికిపోయి ఉంటుందని రాసుకుని, కుక్కను లాక్కుని ఇంటికి వచ్చేసింది.

తెల్లవారాక తెలిసింది, హెల్గె ఇంట్లో లేడని. గాజు కొలిమిలో పనిచేసి రిటైరైన ముసలాయన, ఈమధ్యే మతిమరుపు మొదలైంది. గోధుమరంగు కోటు వేసుకుని బయటికి వెళ్ళాడని కూతురు చెప్పింది. ఆ మాట విన్న గున్వోర్ ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. కుక్కను తీసుకుని నేరుగా ఆ రాతిగోడ దగ్గరికి వెళ్ళింది. గోడకు అవతల, ముప్పై అడుగుల దూరంలో, స్ప్రూస్ చెట్టు మొదట్లో నాచు మీద హెల్గె ఒరిగి ఉన్నాడు. చలికి పోయాడు. దెబ్బ తగిలాక రెండు మూడు గంటలు బతికి ఉంటాడని డాక్టరు అన్నాడు.

విచారణ జరిగింది. చీకటి, వాన, ఎవరి తప్పూ కాదన్నారు. వెంట్రుకల సంగతి గున్వోర్ అక్కడ దాచలేదు. తోక సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

వసంతంలో మాల్విన్ గున్వోర్ ఇంటికి వచ్చింది. ఆ రోజు నేను అక్కడ వంటింట్లోనే ఉన్నాను. కాఫీ పోస్తే ముట్టలేదు.

"మీకు ఆ రోజే అనుమానం వచ్చిందా?" అని అడిగింది.

గున్వోర్ కాఫీ గిన్నె పక్కన పెట్టింది. "కుక్కకు తెలిసింది, అమ్మాయ్. తోక ఊపింది. నేను చూశాను. చూసి కూడా ఇంటికొచ్చేశాను."

మాల్విన్ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నేను జింకనే చూశాను," అంది మెల్లిగా. "ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే జింకే కనిపిస్తుంది. కొమ్ములతో సహా. ఆయన మొహం ఒక్కసారి కూడా రాదు."

"నాకు వస్తుందిలే," అంది గున్వోర్. "ఇద్దరికీ సరిపడా వస్తుంది."

తర్వాత ఆ పని మానేస్తుందనుకున్నాం. మానలేదు. మరో ఆరేళ్ళు ఏ పిలుపు వచ్చినా వెళ్ళింది, దొరికేదాకా తిరిగి రాలేదు. తోటల గురించి ఫోను చేసేవాళ్ళకు మాత్రం జవాబులు పొట్టివైపోయాయి. మధ్యలో ఆగిపోయి, అవతలివాళ్ళు హలో హలో అంటుంటే వినేది.

ట్రూల్స్ చనిపోయాక కొత్త కుక్కతో వెళ్తుంటే, ఒకసారి తోడు రమ్మంటే వెళ్ళాను. జింక కళ్ళెదుటే రోడ్డు దాటిందని డ్రైవరు ఒట్టేసి చెప్తున్నాడు. రోడ్డు మీద వెంట్రుకలు కుప్పగా ఉన్నాయి. అయినా గున్వోర్ కుక్కను వెంటనే వదల్లేదు. అడవి అంచున నిలబడి, నోటి చుట్టూ చేతులు పెట్టి, "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. ఆ డ్రైవరు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మూడోసారి పిలిచినప్పుడు, "హెల్గె?" అంది.

అప్పుడు కుక్కను వదిలింది. జింక దగ్గర్లోనే దొరికింది.