నాయన ముక్కు, కస్తూరి సీసా

“నాది అచ్చం నాయన ముక్కు” అని మా అత్తరు కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ గొప్పలు చెప్పేవాణ్ణి. ఒకరోజు కొత్త కస్తూరి రసాయనం వచ్చింది. నాయన చేతికి రాసుకుని, “నీళ్లు పోసి పంపినాడ్రా దొంగ నాయాలు!” అన్నాడు. నేనూ వాసన చూశాను. నీళ్లే. వాసన వస్తుందేమో చూద్దామని పంతంకొద్దీ సగం సీసా ఇద్దరం ఒంటికి పట్టించి, అమ్మినవాణ్ణి నిలదీయడానికి రాప్తాడు ఆటో ఎక్కాం.

ఆటో కదలగానే అందరికీ తుమ్ములే. పక్కనున్న అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, “ఏమప్పా, సెంటు కడవతో పోసుకున్యారా ఇద్దరూ?” అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని రసాయనాల వాసన కొందరి ముక్కులకు అసలు అందదని, అది తండ్రి నుంచి బిడ్డలకూ వస్తుందని చదివాను. చెబితే, నాయన ఆటో కడ్డీ పట్టుకుని కడుపుబ్బ నవ్వి, “నా ముక్కే గదరా నీది!” అన్నాడు.