పుట్టకముందే బాప్తిస్మం

మా మనవరాలు మేరీ ఇంగ్లండుకు నర్సు చదువుకు వెళ్లాలి. పాస్‌పోర్టుకు పుట్టినతేదీ రుజువు కావాలన్నారని ఇవాళ ఇద్దరం బస్సులో నిలబడి గురజాల తాలూకా ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా బడి సర్టిఫికెట్టునూ చర్చి కాయితాన్నీ పక్కపక్కన పెట్టి నవ్వాడు.

"ఏంది పెద్దాయనా, పిల్ల పుట్టకముందే బాప్తిస్మం ఇప్పించారా? ఇవి రెండూ కలవకపోతే పాస్‌పోర్టు రాదు. ఏది తప్పో రాసియ్యి."

బడిలో చేర్చిన రోజు, వయసు తక్కువుంటే ముందుముందు మంచిదని ఏడాదిన్నర తగ్గించి చెప్పింది నేనే. మేరీకి ఇన్నాళ్లూ చెప్పలేదు. బడి సర్టిఫికెట్టులో తేదీయే తప్పనీ, ఆ అబద్ధం నాదేననీ రాసి సంతకం పెట్టాను. సోమవారం మళ్లీ రమ్మన్నాడు.

తిరుగు బస్సులో మేరీ, "పొద్దున బయల్దేరినప్పటికన్నా ఏడాదిన్నర పెద్దదాన్నయ్యా తాతా" అంది.

నేనైతే పదేళ్లు ముసలాణ్ణయ్యాను. పిల్లల వయసు తగ్గించిన పెద్దలు మీలో ఇంకెందరున్నారో, చెప్పండి.