జాయ్ కుడికన్ను

రాప్తాడుకు పడమటి పక్కనుండే ఊర్లో దాసప్ప కూతురు జాయ్. పదో తరగతిలో ఉన్నప్పుడే ఆ పిల్లకు ఒక దీపం నాలుగు దీపాలుగా కనపడేది. అద్దాలు మార్చినారు, మళ్లీ మార్చినారు. నంబరు ఎగబాకతానే పోయింది. కడకు అనంతపురంలో కంటి డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. నల్లగుడ్డు మీది పొర పల్చబడి, ముందుకు కొనదేలి, శంకు మాదిరి అవుతోందంట. దానికి కళ్లద్దాలు పనిచేయవు, గట్టి లెన్సు కంట్లోనే పెట్టుకోవాలంట.

పెట్టుకున్న మొదటిరోజు జాయ్ బస్సు కిటికీలోంచి శెనక్కాయ చేన్లు చూసింది. వాన లేక ముడుచుకుపోయిన ఆకులు ఒక్కొక్కటీ విడిగా కనపడినాయి. ఎండిన చేను చూసి సంతోషపడిన మనిషి ఆ బస్సులో ఆమె ఒక్కతే.

ఊరికి మాత్రం అది జబ్బు కాదు, సోకు. "అద్దాల పిల్లను ఎవరు చేసుకుంటారని కంట్లో బిళ్లలు పెట్టుకుంటాండాది" అన్నారు. తల్లి సువార్త కూడా అదే అనేది, కాకపోతే తలుపేసుకొని.

జాయ్ ఎవరి మాటా పట్టించుకోలేదు. హైవే పక్కనున్న బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టే పనికి చేరింది. చేతులు కడగనిదే లెన్సు ముట్టేది కాదు. మందునీళ్ల సీసా సంచిలో లేనిదే ఇల్లు కదిలేది కాదు. సూదిమొన చూడాలంటే ఆ రెండు బిళ్లలే గతి.

ఒకరోజు కుడికంట్లో, లెన్సు కిందికి నూలు దుమ్ము దూరింది. కంట్లో గాజుపెంకు తిప్పినట్టు అయింది. కుట్టే లైను మీద సూపర్వైజరు వెంకటేశులు దగ్గరికి పోయి, "అన్నా, ఒక్క పది నిమిషాలు. కన్ను కడుక్కొని వస్తా" అని అడిగింది.

ఆయన తల ఎత్తకుండానే చెప్పినాడు. "సాయంత్రం లారీ పోవల్ల. నీ కన్ను రేపు గూడా ఉంటాది, లారీ ఉండదు. కూచోమ్మా."

కూచుంది. మధ్యాన్నం బెల్లు కొట్టేదాకా ఒక కన్ను మూసుకొని కుట్టింది. మందునీళ్ల సీసా ఉన్న సంచి గేటు దగ్గర బీరువాలో ఉంది, దాని తాళం సెక్యూరిటీ దగ్గర, సెక్యూరిటీ అన్నానికి పోయినాడు. జాయ్ లెన్సు తీసి డ్రమ్ములో నీళ్లతో కడిగింది. లెన్సుకు మామూలు నీళ్లు తగలరాదని తెలుసు. తెలిసే కడిగి, మళ్లీ పెట్టుకుంది.

మరుసటి పొద్దుటికి కన్ను నిప్పు మాదిరి అయింది. రెప్ప ఎత్తితే వెలుతురు మేకులా దిగుతోంది. నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క.

"అమ్మా, అనంతపురం పోదాం పా. ఇది పుండు. డాక్టరమ్మ ముందే చెప్పింది, ఇట్లయితే ఆ పొద్దే రావల్లని."

"ఆమె చేసిందేగదా ఇదంతా" అంది సువార్త. పక్కింటి నాగలక్ష్మమ్మ అప్పటికే తుమ్మాకు తెచ్చి రోట్లో నూరుతోంది. తన మనవరాలికి రెండు చుక్కలతో ఎరుపు దిగిపోయిందని ఆమె సాక్ష్యం.

జాయ్ వద్దనింది. లేచి చెప్పులేసుకుంది. దాసప్ప వాకిట్లోనే చేయి పట్టుకొని లాక్కొచ్చి మంచం మీద పడేసినాడు. నాయన రెండు చేతులూ అదిమి పట్టుకుంటే, తల్లి తల ఒళ్లో ఇరికించుకొని, రెప్పలు వేళ్లతో విడదీసి గుడ్డలోంచి పసరు పిండింది. జాయ్ అరుపు వీధి చివరిదాకా వినపడింది. సువార్త ఏడుస్తానే పిండింది. "బాగయితాది పాపా, బాగయితాది" అంటా, సాయంత్రం మళ్లీ పిండింది. మరుసటి రోజు కూడా.

మూడోనాడు నాయన కూలికి పోయిన ఏళ జాయ్ కంటికి కొంగు అడ్డం పెట్టుకొని రోడ్డెక్కింది. సువార్త పరిగెత్తి వచ్చి అదే బస్సెక్కింది.

డాక్టరమ్మ దీపం వేసి చూసింది. తర్వాత అడిగింది. "దీంట్లో ఏం పోసినారు?"

జాయ్ తల్లి దిక్కు చూసింది. సువార్త గోడనున్న క్యాలెండరు దిక్కు చూస్తోంది.

"ఆకు పసరు మేడమ్. నేనే పోసుకున్నా."

"ఇంటర్ చదివినావు. నేను ఎన్నిసార్లు చెప్పినాను నీకు? నీ కన్ను నువ్వే చేతులారా పొడుచుకున్నావే" అని డాక్టరమ్మ అందరి ముందరా తిట్టింది. బయట బెంచీల మీదున్నోళ్లు తొంగి చూసినారు. జాయ్ తలొంచుకొని తిట్లు పడింది. తల్లి నోరు తెరుస్తుందేమోనని లోపల ఒక ఎదురుచూపు. తెరవలేదు.

పుండును గీకి పరీక్షకు పంపినారు. బూజు పట్టిందన్నారు. గంటగంటకూ మందు, పొద్దనక రాత్రనక. ఒక్కో చుక్కా పచ్చిపుండు మీద కారం. వారాల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉంది. పుండు మానింది గానీ, మానిన చోట కంట్లో పువ్వు పడింది. కుడికన్నుకు వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలీదు. ఇంటికి వచ్చేసరికి ఫ్యాక్టరీలో ఆమె మిషను మీద వేరే పిల్ల కుట్టుతోంది.

ఆదివారం చర్చిలో సువార్త అందరి ముందరా సాక్ష్యం చెప్పేదానికి లేచింది. జాయ్ ఆడవాళ్ల వరసలో చాప మీద కూచోనుంది.

"నా బిడ్డ సోకుకు పోయి కన్ను పోగొట్టుకుంది. దేవుడిచ్చిన కండ్లు చాలవని బిళ్లలు పెట్టుకుంది. మీ ఆడపిల్లలకు చెప్పుకోండి తల్లీ. నా గతి ఎవరికీ వద్దు." ముందు వరసలో ఎవరో కన్నీళ్లు తుడుచుకున్నారు.

జాయ్ కూచున్న చోటినుంచే, గొంతు పెంచకుండా అనింది. "పసరు సంగతి గూడా చెప్పుమా."

సువార్త పాస్టరయ్య దిక్కు చూసింది. పాస్టరయ్య లేచి, అందరూ కండ్లు మూసుకొని ప్రార్థన చేద్దామన్నాడు. అందరూ మూసుకున్నారు.

ఇంటికొచ్చినాక దాసప్ప కూతుర్ని చెంప మీద కొట్టినాడు, కుడిపక్క. వచ్చే చేయి ఆమెకు కనపడలేదు. "కన్న తల్లి పరువు నలుగురిలో తీస్తావా? నీ మంచికి చేసింది గదమ్మే."

"మంచికే చేసింది నాయనా. నేను కాదనలేదే" అంది జాయ్.

ఊర్లో అప్పట్నించి మాట మారింది. సోకుల పిల్ల కాస్తా తల్లిని చర్చిలో నిలదీసిన పిల్ల అయింది. జాయ్ అనంతపురంలో ఒక టైలరు దగ్గర పనికి కుదిరి, అక్కడే ఇంకో ఆడపిల్లతో కలిసి గదిలో ఉండిపోయింది. ఎడమకంటికీ అదే జబ్బు, అదే లెన్సు. ఉన్న ఒక్క కన్నునూ దానికే అప్పజెప్పి పొద్దున్నే పెట్టుకోవాలి. మొదట్లో లెన్సు వేలిమీంచి జారి పళ్లెంలో పడిపోయేది. ఒక కంటితో దూరం అంచనా తెలీక సూది వేలిలో దిగేది. కుట్టిన జాకెట్టుకు రక్తం మరకైతే టైలరమ్మ ముఖం మీదికే విసిరేది.

మరుసటి ఎండాకాలం, చనిపోయినాయన కంటిపొర ఒకటి దొరికింది, కుడికంటికి అతికిస్తామని, పేరు రాయించి పెట్టిన ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఎవరు చెప్పినారో ఏమో, ఆపరేషను నాడు సువార్త వచ్చింది. లోపలికి రాకుండా మెట్ల మీదే కూచుంది. ఆపరేషనుకు పిలిచేలోగా జాయ్ బయటికి పోయి పక్కన కూచుంది. అప్పుడు తల్లి నోరు విప్పింది.

"ఆ పొద్దు డాక్టరమ్మ అడిగినప్పుడు 'మా అమ్మే పోసింది' అని చెప్పింటే పోయేది. నాలుగు తిట్లు తిని, ఏడ్చి, ఊరుకుందును. నువ్వు నీ మీదేసుకున్నావు. అప్పట్నించి నేను నోరు తెరిచే దోవే లేదు. అంతా నువ్వు చేసిందే."

జాయ్ ఆ ముఖాన్ని ఎడమకంటితో తేటగా చూసింది. ఆ మాట తల్లి నమ్మే చెబుతోంది.

"బస్సుకు పొద్దు పోతాదిమా. పో" అంది.

పొర అతుక్కుంది. కుడికన్నుకు ఇప్పుడు మనుషులు ఆనుతారు, ముఖాలు ఆనవు. కుట్లు తీసినాక చూపు ఇంకా తేటపడాలంటే, ఆ కొత్త పొర మీద కూడా గట్టి లెన్సే పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. జాయ్ సరేననింది. కొలతలకు గడ్డం స్టాండు మీద ఆనించి, రెప్ప కొట్టకుండా కూచుంది.