మాఘమాసపు ఎండ కాదిది

మా శనివారపు తెలుగు బడి టీచరమ్మ గత సోమవారం చనిపోయింది. ఈ దేశంకాని దేశంలో, టార్నీట్‌లో మా వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది ఆమే. వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలు. పెట్టినవాళ్లలో ఆమెను ఎండలోకి లాగినవాళ్లూ ఉన్నారు. అందుకే మర్యాదగా రాయడం నావల్ల కాదు.

ఇంగ్లిష్‌లో జవాబిచ్చిన పిల్లలను ఆమె తిట్టేది కాదు. అదే మాట తెలుగులో తిరిగి చెప్పి, వాళ్లే అన్నట్టు మెచ్చుకునేది. మా అమ్మాయి నాతో తెలుగులో పోట్లాడుతోందంటే ఆమె చలవే.

ఆమెకు లూపస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు. చాలామందికి ఎండ తగిలితే ముదురుతుంది. అందుకే నడివేసవిలోనూ వెడల్పు టోపీ, మణికట్టు దాకా పొడుగు చేతుల బట్టలు. ఆ టోపీ చూసి నేను, మనవాళ్ల తెల్లతోలు పిచ్చి మీద గ్రూపులో పేజీన్నర దంచాను. ఆమె ఫోన్ చేసింది.

"అన్నగారూ, వ్యాసం బాగుంది. నా గురించి కాకపోయుంటే ఇంకా బాగుండేది."

జబ్బు సంగతి అప్పుడే చెప్పింది. ఎండకు దూరంగా ఉండేసరికి డి విటమిన్ పడిపోయిందట. అది తక్కువున్నవాళ్లలో లూపస్ ఉధృతి ఎక్కువగా కనబడుతుందనీ, ఏది దేనికి కారణమో ఇంకా తేలలేదనీ చెప్పి డాక్టర్ మాత్రలు రాసిందట. తర్వాత ఊరందరికీ తెలిసింది. అందరూ పట్టుకున్నది 'డి తక్కువట' అన్న ముక్క ఒక్కటే.

రథసప్తమి మన దగ్గర చలి తగ్గుతుండగా వస్తుంది. లేత ఎండ. ఇక్కడ, భూగోళం కింది సగంలో, అదే రోజు మండువేసవి, టోపీ లేని పిల్లను బళ్లో ఆటకైనా వదలరు. మా తెలుగు సంఘం పెద్దలు పంచాంగం వెంట తెచ్చుకుని బుర్ర అక్కడే వదిలేశారు. పార్కులో, పదకొండింటికి, సూర్యనమస్కారాలు. షెడ్డు కింద కూర్చున్న ఆమెను అధ్యక్షుడు మైకులో పిలిచాడు.

"ఎంతకాలం మాత్రలు మింగుతారు టీచర్ గారూ? పైనున్నాయన ఫ్రీగా ఇస్తున్నాడు, రండి."

"నాకు ఎండ పడదండీ."

"సూర్యుడే పడనివాళ్లు పిల్లలకు ఏం సంస్కృతి నేర్పుతారమ్మా?"

అందరూ నవ్వారు. బడి హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఆ తాళాల కోసం ఆమె ఎండలోకి వచ్చి అరగంట నిలబడింది. ఇంత నోరున్న నేను పరమాన్నం కప్పు పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

వారానికల్లా కీళ్లు వాచాయి. ఆ తర్వాత కిడ్నీలు. ఆ ఒక్క పూటే చంపిందని డాక్టర్ అనలేదు, నేనూ అనను. ఆసుపత్రిలో కూడా ఒక ఆంటీ, చక్రాల కుర్చీలో కాసేపు ఎండకు తిప్పనా అని అడిగిందట.

"నా ఒంటికి నా మీద కక్ష, వీళ్లకేమో ప్రేమ. ఒంటితో వేగడమే తేలిక అన్నగారూ" అంది టీచరమ్మ. నవ్వుతూనే అంది.

సంతాప సభకు అధ్యక్షుడు ఆయనే. నేను వెళ్లలేదు. శనివారం మా అమ్మాయిని బడి దగ్గర దింపి, వెనక వరసలో కూర్చున్నాను. కొత్త టీచర్ గుణింతాలు చెబుతోంది. పదిన్నరకు కిటికీలోంచి ఎండ బల్లల మీదికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలంతా లేచి, కుర్చీలు ఈడ్చుకుంటూ గోడవైపు జరిగారు. ఎందుకని కొత్తావిడ అడిగితే, "వీ ఆల్వేస్ డూ, మిస్" అంది ఒక పిల్ల. నీడలో అందరి ముందూ ఒక కుర్చీకి సరిపడా చోటు వదిలి, మళ్లీ గుణింతం అందుకున్నారు.