ఇంజనుకు పెట్టిన బొట్టు

రాజవ్వ పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది, మా జనగామ ఇంటికి పాలు తెచ్చే సోమలక్ష్మి. ఆమె పుట్టిల్లు కూడా కురవి దగ్గరి మా ఊరే. "అక్కా, మీ రాజవ్వ తెల్లారంగ పానం ఇడిసిందట" అంటూ గిన్నెలో పాలు పోసింది. అప్పుడే ఎదురుగా ఉన్న బడి ఆవరణలో ఒకతను గడ్డి కోసే యంత్రాన్ని స్టార్టు చేస్తున్నాడు. తాడు లాగినప్పుడల్లా జర్రుమని మూలిగి ఆగిపోతోంది. పెట్రోలు వాసన గుమ్మం దాకా వచ్చింది. కంట నీళ్లు తిరగకముందే నా చెవులు ఆ చప్పుడు వైపు వెళ్లాయి. అలా వినడం నేర్పింది రాజవ్వే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డప్పుడు, ఊరికే తిరుగుతున్న నన్ను అమ్మ పక్కింటి రాజవ్వ దగ్గర కూర్చోబెట్టింది. బడులు తెరిచాక కూడా నేను మళ్లీ వెళ్లలేదు. నాకు అబ్బిన నాలుగు అక్షరాలూ ఆమె పెట్టిన భిక్షే. ఆమె భర్త చిన్న వయసులో పోయాడు, పిల్లల్లేరు. బావి కింది మడి తానే సాగు చేసుకునేది. చదువుతూ చదువుతూ ఏదో మాట దగ్గర నేను తడబడి గొంతు పెంచితే నవ్వేది. "అరిస్తే వస్తదా బిడ్డా? యాడ ఆగినవో గది జూడు" అనేది.

కొన్నేళ్లకు మానుకోట నుంచి నీళ్లు తోడే ఇంజను తెచ్చుకుంది. పెట్రోలుతో లేచి కిరోసిన్‌తో నడిచేది. తాడు లాగితే లేవాలి. కొన్ననాడు దుకాణం ముందే కూర్చుని, "లోపట ఏమున్నదో ఇప్పి సూపెట్టు. చూసినంకనే బండెక్కిస్త" అని పట్టుబట్టిందట. మెకానిక్ తల పట్టుకుని మూత విప్పాడట.

ఆ ఏడు దసరాకు దానికీ పూజ జరిగింది. రాజవ్వ తలస్నానం చేసి వచ్చి, ఇంజను నిండా పసుపు పూసి, కుంకుమ అద్ది, తాడు చుట్టుకునే చక్రం మూత మీదే కొబ్బరికాయ కొట్టింది. అప్పుడు వానలు బాగున్నాయి కనుక ఇంజనుతో పనిపడలేదు. తర్వాత వానలు ఒక్కసారిగా మొండికేశాయి. వరి పొట్ట మీదుంది. మడి నెర్రెలు విచ్చుతోంది. తాడు లాగితే ఇంజను లేవలేదు.

ఆమె మరిది కొమురయ్య వచ్చి అరచేతులు బొబ్బలెక్కేదాకా లాగాడు. పెట్రోలు మార్చాడు, ప్లగ్గు తుడిచాడు. చివరికి చతికిలబడ్డాడు. "నీకెందుకు వదినె గీ పరేషాన్? గీ పంట పోతే మల్ల లేస్తవా? మడి నాకు పాలుకిచ్చి, ఇంట్ల కూసొని రామా కృష్ణా అనుకోరాదు?" అన్నాడు. అది వేళాకోళం కాదు. రెండేళ్లుగా అతను అడుగుతున్న మాటే.

రాజవ్వ ఇంజను పక్కన గొంతు కూర్చుని, తాడును మెల్లగా, చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు లాగింది. వదిలింది. మళ్లీ లాగింది. తల వంచి వింది.

"తాడు ఉత్తగ వస్తున్నది, ఉత్తగ పోతున్నది. లోపటి చక్రం తిరుగుతనే లేదు కొమురయ్యా. ఇగ పెట్రోలేం జేస్తది, ప్లగ్గేం జేస్తది?"

బోల్టులు విప్పి మూత తీసింది. తాడు లాగినప్పుడు బయటికి వచ్చి ఇంజను చక్రాన్ని పట్టుకోవాల్సిన చిన్న ఇనుప గోళ్లు రెండున్నాయి. అవి కదలడం లేదు. మూత సందుల్లోంచి జారిన పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు కలిసి ఎండి, వాటిని బంకలా అతికించేశాయి.

కొమురయ్య పకపకా నవ్వాడు. "నీ పూజనే నీకు ఎదురు తిరిగింది గద వదినె!"

రాజవ్వా నవ్వింది. "పూజ ఎందుకు తిరుగుతది? నా చెయ్యే అద్దు లేకుంట పోయింది. మొఖానికి పెట్టాల్సిన బొట్టు కీళ్లల్ల పెట్టిన."

కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో ఆమె ఆ గోళ్లను తుడుస్తుంటే, పక్కనే కూర్చున్న నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, దేవునికి పెట్టిన కుంకుమ తుడిస్తే కోపం రాదా?" అన్నాను.

"మన కురవి వీరభద్రునికి గింత దానికి కోపమా బిడ్డా? వరి ఎండితే వస్తది."

మూత బిగించి, తాడు కొద్దిగా లాగి, బిగువు తగిలేదాకా ఆగి, అప్పుడు ఒక్క ఊపున లాగింది. ఇంజను గుప్పున పొగ వదిలి లేచింది. గొట్టంలోంచి నీళ్లు దూకి నెర్రెల్లోకి దిగుతుంటే, మసి అంటిన ఆమె చేతుల వైపే చూస్తూ నిలబడిపోయాను. గుడిలో హారతి చూసినప్పుడు కలిగే వణుకు, ఆ పూట బావిగడ్డ మీద నన్ను పట్టుకుంది. ఆమె మాత్రం దోసిట్లో నీళ్లు పట్టి కళ్లకద్దుకుంది, తడివేలితో ఇంజను మీద మిగిలిన కుంకుమ తీసుకుని టాంకీ మీద ఒక్కటే చుక్క పెట్టింది.

ఆ వరి ఇంటికొచ్చింది. కొమురయ్య మడి మాట మళ్లీ ఎత్తలేదు.

పెళ్లయి ఈ ఊరొచ్చాక నా జీవితంలోనూ ఆగిపోయినవి చాలా ఉన్నాయి: మనుషులతో మాటలు, ఒక్కోసారి ప్రార్థన కూడా. అప్పుడు గట్టిగా లాగబోయిన చెయ్యిని ఆమె గొంతే వెనక్కి పట్టింది. యాడ ఆగిందో వెతికాను. చాలాసార్లు నేను భక్తితోనో ప్రేమతోనో అతిగా పూసిందే అక్కడ ఎండి కనిపించింది. ఇంత తెలివిని నా పక్కింట్లోనే పెట్టిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

మీరెవరూ రాజవ్వను చూసి ఉండరు. ఈ దసరాకు మీ బండికో, కుట్టుమిషనుకో బొట్టు పెట్టేటప్పుడు ఒక్క చుక్కతో చెయ్యి ఆపి, ఆమెను తలుచుకోండి.