అవ్వ రేడియోలో నా కారు

పెళ్లాం లేనివాడికి కారెందుకని ఆఫీసులో అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. పెళ్లాం ఉన్నవాళ్ళకు సైకిలే గతి అని నేనూ తిరిగి అంటించేవాణ్ణి. అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో ఓడలో దిగిన బండి. రిటైరైన డాక్టరొకాయన పాత ఇనుము ధరకు ఇచ్చేశాడు. ఆదివారాలు పలకరించే దిక్కు లేక దాని బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ కూర్చునేవాణ్ణి. అమ్మానాన్నలు పోయాక సొంతూరు హిందూపురంలో నాకంటూ ఎవరూ మిగల్లేదు, ఉద్యోగానికి వచ్చిన బెంగుళూరులో ఇంకా ఎవరూ కాలేదు.

అరవైల మొదట్లో నేను చామరాజపేటలో ఒక మేడ గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటి యజమాని, అతని తల్లి, వాళ్ళిద్దరే. ఆయనకు నగర్తపేటలో జరీ అంగడి. పొద్దున్నే పోతే రాత్రికి గానీ రాడు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, కాస్త చెవుడు. రోజంతా రేడియోకు చెవి ఆనించుకుని కూర్చునేది.

నా కారుకూ ఆ రేడియోకూ ఉప్పూ నిప్పూ. కారు గేటు దాకా వచ్చిందంటే లోపల పాట కాస్తా గరగరమనేది. వెనక షెడ్డులో పెట్టి ఇంజను ఆపేదాకా అదే గోల. కిటికీలోంచి అవ్వ కేక పెట్టేది: “వచ్చినావా శనీశ్వరుడా! మంచి పాట వస్తా ఉండె, గొంతు పిసికేసినావు కదరా!” పొద్దున వార్తలప్పుడు బయల్దేరితే మళ్ళీ అదే దీవెన. నేనూ తగ్గేవాణ్ణి కాదు. “ఆ పాడేవాడి గొంతే అంతవ్వా, నా కారునెందుకు తిడతావు” అనేవాణ్ణి.

ఒక ఆదివారం యజమాని మెట్లెక్కి వచ్చాడు. “మా అమ్మకు ఉండేది ఆ రేడియో ఒక్కటేనప్పా. బండినైనా బాగు చేయించు, లేదంటే వేరే ఇల్లు చూసుకో” అన్నాడు. పెళ్లికానివాడికి ఇల్లిచ్చే పుణ్యాత్ములు ఆ రోజుల్లోనూ తక్కువే. ఈ గది పోతే నేను లాడ్జి పాలే.

ఆ గరగరకు మూలం ప్లగ్ వైర్లు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు మోసుకెళ్ళే వైర్లవి, మొత్తం ఐదు. వాటి రబ్బరు పగిలిపోయి వానాకాలం ఇంజను దగ్గుతూనే ఉండేది, ఎలాగూ మార్చాలి. కలాసిపాళ్యంలో విడిభాగాల అంగడికి పోతే అతను రెండు రకాలు ముందు పెట్టాడు.

“ఇది రాగిది. ఎండకూ వానకూ తట్టుకుంటాది. ఇది కొత్తగా వచ్చింది, లోపల రాగి ఉండదు, బొగ్గు పట్టించిన దారం. రేడియోకి గొడవుండదు. కానీ గట్టిగా లాగితే లోపలే తెగిపోతాది, పైకి తెల్దు.”

రెండూ చేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పాత ఇంజనుకు రాగే మేలని నా మనసు. కానీ ఇల్లు దక్కాలి కదా. దారం వైర్లే తీసుకున్నాను.

ఆ సాయంత్రం కారు గేటులోకి వచ్చినా పాట ఎక్కడా చెదరలేదు. కేకా లేదు. వీధిలో పోయే బస్సుల మధ్య నా ఇంజను చప్పుడు అవ్వ చెవులకు ఎక్కడ వినబడుతుంది? పీడ విరగడైందనుకుంటూ మేడెక్కాను. మర్నాడూ అంతే. వారం తిరిగేసరికి తెలిసొచ్చింది, ఆఫీసు దాటాక నన్ను ఉద్దేశించి మాట్లాడే గొంతు ఈ ఊళ్ళో అదొక్కటేనని. ఆ తిట్టు కోసం మెట్ల మీద ఆగి చెవులు రిక్కించేవాణ్ణి. పోనీ నేనే పలకరిద్దామంటే ఏమని పలకరించను? అన్నాళ్ళు కీచులాడుకున్న మనిషిని పోయి “బాగున్నావా” అంటే నవ్విపోదూ!

తర్వాత నాకు జ్వరం వచ్చింది. లేవలేక కంబళి కప్పుకుని పడున్నాను. కింద రేడియో పాటలు ఒక్క గీత పడకుండా పైకి వినిపించేవి. అంత శుభ్రమైన సంగీతం నేనెన్నడూ వినలేదు, పాటంటే అంత రోతా ఎన్నడూ పుట్టలేదు. ఇక్కడే చచ్చినా వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదనిపించింది. ముప్పై దాటిన మగవాణ్ణి, వెక్కి వెక్కి ఏడ్చాను.

జ్వరం కాస్త దిగాక గోడ పట్టుకుని కిందికి వచ్చాను. అవ్వ నన్ను చూసి రేడియో కట్టేసింది.

“ఏమప్పా, ఇట్లైపోయినావు? నువ్వు దినామూ పనికి పోతా ఉండావనుకుంటిని.”

“జ్వరమవ్వా. పైనే ఉన్నా.”

“నాకెట్ల తెలిసేది? ముందైతే రేడియో గరగరమంటే పోయినాడు, మల్లా గరగరమంటే వచ్చినాడు అనుకుంటా ఉంటిని. ఇప్పుడు నువ్వు ఉండేదీ తెల్దు, లేందీ తెల్దు.” అవ్వ కుంటుకుంటూ పోయి గంజి కాచి, నిమ్మకాయ ఊరగాయ వేసి తెచ్చింది.

ఒంట్లో సత్తువ రాగానే కలాసిపాళ్యం పోయి ఒక్క రాగి వైరు ఇమ్మన్నాను. అంగడతను నన్ను ఎగాదిగా చూశాడు. “గొడవ వద్దని తీసకపోతివి కదా సార్? సెట్టంతా ఒకే రకం ఉండాల. ఒక్కటి ఏ ప్లగ్గుకి?”

“ఏదైనా సరే, ఒకటి చాలు” అన్నాను. ఐదూ రాగివైతే ఇల్లు పోతుంది, ఐదూ దారాలైతే నేనే పోతాను. ఈ లెక్క అతనికి చెప్పి ఏం లాభం?

ఆ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల ఏదో పాట నడుస్తోంది. పాటలో సన్నగా, దూరంగా పేలాలు వేగినట్టు, చిటపట మొదలైంది. కారు షెడ్డులో పెట్టి, ఇంజను ఆపి, కిటికీ కింద నిలబడ్డాను.

“వచ్చినావా శనీశ్వరుడా!” లోపలినుంచి కేక. “నీ పీడ పోయిందనుకుంటిని. ఇంకా ఉండావా?”

“ఉండానవ్వా,” అన్నాను.